429 కోట్ల సంఖ్యను విడగొట్టిన 641

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో కవితలు, కథానికలు, జ్ఞాపకాలు ఎప్పుడూ ఉంటాయి. లెక్కల మీద వ్యాసం కనబడితే చాలామంది పేజీ తిప్పేస్తారని మాకు తెలుసు. అయినా ఈసారి లెక్కల గురించే రాయాలనుకున్నాం. దానికి కారణం ఉంది. పదో తరగతి మంచి మార్కులతో పాసైన మన పిల్లలు కూడా ఇంటర్‌లో ఎం.పి.సి. అనగానే వెనకడుగు వేస్తున్నారు. "లెక్కలు మనలాంటి వాళ్లకు రావు" అని ఎవరో అనగా విని, అదే నిజమని నమ్మేస్తున్నారు. ఆ మాటను సరిచూసిన వాళ్లు మాత్రం తక్కువ.

ఒక మాటను పెద్దవాళ్లు అన్నంత మాత్రాన నమ్మాలా, లెక్కవేసి చూడాలా? ఈ ప్రశ్నకు గణిత చరిత్రలో ఒక సంఖ్య గొప్పగా జవాబు చెబుతుంది. ఆ సంఖ్య 4294967297. మన పద్ధతిలో చదివితే 429 కోట్ల 49 లక్షల 67 వేల 297. ఒక మహా గణితవేత్త దీని గురించి ఒక మాట అన్నాడు. ఆ మాట 92 ఏళ్లు నిలిచింది. చివరికి ఒక యువకుడు మూడంకెల సంఖ్యతో దాన్ని పడగొట్టాడు. ఈ వ్యాసంలోని ప్రతి లెక్కనూ మీరు పెన్ను, కాగితం పట్టుకుని చేసుకోవచ్చు. 8 అంకెల కాలిక్యులేటర్‌లో ఈ సంఖ్య పట్టనే పట్టదు. కాబట్టి కాగితమే మేలు.

చదరంగం బల్లలో సగం

చదరంగం బల్ల మీద వడ్ల గింజల కథ మీరు వినే ఉంటారు. మొదటి గడిలో 1 గింజ, రెండో గడిలో 2, మూడో గడిలో 4, ఇలా గడి గడికీ రెట్టింపు చేస్తూ పోవాలి. మూడు గడులకు మొత్తం 7 గింజలు, అంటే 8 − 1. నాలుగు గడులకు 15, అంటే 16 − 1. ఎన్ని గడులు నింపితే 2ను అన్నిసార్లు గుణించి 1 తీసేస్తే చాలు, మొత్తం వచ్చేస్తుంది.

బల్లలో సగం, అంటే 32 గడులు నింపితే మొత్తం 2³² − 1, అంటే 4294967295 గింజలు. వెయ్యి గింజలు 20 గ్రాములు తూగుతాయనుకుంటే ఇది దాదాపు 859 క్వింటాళ్లు. 50 కిలోల బస్తాల్లో పోస్తే సుమారు 1718 బస్తాలు. మన హాస్టల్ స్టోరు రూములో పట్టవు! మన సంఖ్య దీనికి సరిగ్గా 2 ఎక్కువ. అంటే 4294967297 = 2³² + 1. ఈ "+ 1" దగ్గరే మన కథ మొదలవుతుంది.

ఫెర్మా అన్న మాట

17వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని టులూజ్ నగరంలో పియర్ డి ఫెర్మా అనే న్యాయాధికారి ఉండేవాడు. ఉద్యోగం కోర్టులో, మనసు మాత్రం లెక్కల్లో. తీరిక వేళల్లో చేసిన లెక్కలతోనే ప్రపంచంలోని గొప్ప గణితవేత్తల వరుసలో నిలిచాడు. ఆయన ఈ సంఖ్యల వరుసను గమనించాడు:

2¹ + 1 = 3
2² + 1 = 5
2⁴ + 1 = 17
2⁸ + 1 = 257
2¹⁶ + 1 = 65537

ఈ ఐదూ ప్రధాన సంఖ్యలే. అంటే 1తోనూ, తమతోనూ తప్ప మరే సంఖ్యతోనూ నిశ్శేషంగా భాగింపబడవు. ఘాతాలు 1, 2, 4, 8, 16 అని రెట్టింపవుతున్నాయి చూడండి. మధ్యలో 3, 6 వంటి ఘాతాలు ఎందుకు లేవు? 2⁶ + 1 తీసుకుందాం. ఇది 4³ + 1. అ³ + 1 = (అ + 1)(అ² − అ + 1) అనే సర్వసమీకరణం ప్రకారం దీనికి 4 + 1, అంటే 5 కారణాంకం అవుతుంది. నిజమే, 65 = 5 × 13. ఘాతంలో 1 కాని బేసి కారణాంకం ఏదున్నా ఇలాగే విడిపోతుంది. అందుకే మిగిలేవి 1, 2, 4, 8, 16, 32, 64... మాత్రమే.

ఈ వరుసలో వచ్చే సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలే అని 1640లో ఫెర్మా తన ఉత్తరాల్లో రాశాడు. నిరూపణ తన దగ్గర లేదన్నాడు గానీ నమ్మకం మాత్రం గట్టిగా ఉన్నట్టు రాశాడు. ఐదు సంఖ్యలు సరిపోయాయి కదా, ఆరోది ఎందుకు సరిపోదు? ఆ ఆరోదే మన 4294967297.

ఎవరూ చేయని భాగహారం

ఒక సంఖ్య ప్రధాన సంఖ్య అవునో కాదో తేల్చాలంటే దాని వర్గమూలం వరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. 4294967297 వర్గమూలం 65536 కంటే ఒక పిసరు ఎక్కువ. 65536 లోపు 6542 ప్రధాన సంఖ్యలు ఉన్నాయి. అన్ని భాగహారాలు చేయాలంటే ఎవరికైనా భయమే.

కానీ 2, 3, 5, 7, 11 అంటూ వరుసగా చేసుకుంటూ పోతే జవాబు ఎక్కడ దొరుకుతుందో తెలుసా? 116వ ప్రధాన సంఖ్య దగ్గర. రోజుకు నాలుగు భాగహారాలు చేసినా నెల రోజుల్లో అయిపోయే పని! అయినా 92 ఏళ్లపాటు ఆ జవాబు బయటికి రాలేదు. ఫెర్మా అంతటివాడు చెప్పాక మళ్లీ చూడాల్సిన పనేముంది అని చాలామంది అనుకుని ఉండవచ్చు.

1729 డిసెంబరులో గోల్డ్‌బాక్ అనే గణితవేత్త తన యువ మిత్రుడు ఆయిలర్‌కు ఉత్తరం రాస్తూ, ఫెర్మా చెప్పిన ఈ సంగతి నీకు తెలుసా అని అడిగాడు. స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో పుట్టిన ఆయిలర్ అప్పుడు రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పనిచేస్తున్నాడు. 1732లో, తన 25వ ఏట, ఆయన జవాబు చెప్పాడు: 4294967297ను 641 నిశ్శేషంగా భాగిస్తుంది.

ఆయిలర్ గుడ్డిగా వెతకలేదు. ఈ సంఖ్యకు ఏదైనా ప్రధాన కారణాంకం ఉంటే దాన్ని 64తో భాగించినప్పుడు శేషం 1 రావాలని ఆ తరవాత రాసిన వ్యాసంలో నిరూపించాడు. ఎందుకో చిన్న ఉదాహరణతో చూద్దాం. 2⁴ + 1 = 17 తీసుకోండి. 2, 4, 8, 16, 32... అనే ఘాతాలను 17తో భాగిస్తే శేషాలు 2, 4, 8, 16, 15, 13, 9, 1 అని వస్తాయి. తరవాత మళ్లీ 2 నుంచి మొదలవుతాయి. చక్రం పొడవు 8, అంటే ఘాతం 4కు రెట్టింపు. ఇలాంటి చక్రం పొడవు ఎప్పుడూ ఆ ప్రధాన సంఖ్య కంటే 1 తక్కువైన సంఖ్యను నిశ్శేషంగా భాగిస్తుంది. ఇక్కడ 8, 16ను భాగిస్తోంది కదా! అలాగే 2³² + 1కు కారణాంకమైన ప్రధాన సంఖ్యకు చక్రం పొడవు 64. కాబట్టి ఆ ప్రధాన సంఖ్యలోంచి 1 తీసేస్తే 64 గుణిజం మిగలాలి.

ఇప్పుడు 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641... అని రాసుకోండి. వీటిలో ప్రధాన సంఖ్యలు కానివి కొట్టేస్తే మిగిలేవి 193, 257, 449, 577, 641. మన సంఖ్యను వీటితో భాగిస్తే వచ్చే శేషాలు ఇవి:

193తో భాగిస్తే శేషం 109
257తో భాగిస్తే శేషం 2
449తో భాగిస్తే శేషం 325
577తో భాగిస్తే శేషం 288
641తో భాగిస్తే శేషం 0

116 భాగహారాల పని ఐదింటితో తీరిపోయింది! విచిత్రం ఏమిటంటే, చక్రం పొడవు గురించి మనం వాడుకున్న సిద్ధాంతాన్ని అదే 1640లో చెప్పింది ఫెర్మాయే. పనిముట్టు ఆయన చేతిలోనే ఉంది. దాన్ని పట్టుకుని గట్టు దాటింది మాత్రం ఆయిలర్.

గుణించి సరిచూద్దాం:

6700417 × 600 = 4020250200
6700417 × 40 = 268016680
6700417 × 1 = 6700417
మొత్తం = 4294967297

భాగించకుండానే నిరూపణ

641 ఎందుకు భాగిస్తుందో భాగహారం చేయకుండానే చూపవచ్చు. పదో తరగతి బీజగణితం చాలు. 641ను రెండు విధాలుగా రాయండి.

641 = 625 + 16 = 5⁴ + 2⁴
641 = 640 + 1 = 5 × 128 + 1

మొదటి దాని నుంచి 16 = 641 − 5⁴. ఇక 128 అంటే 2⁷, కాబట్టి 128⁴ అంటే 2²⁸. అందువల్ల

2³² = 16 × 128⁴
= (641 − 5⁴) × 128⁴
= 641 × 128⁴ − 640⁴

రెండు వైపులా 1 కలిపితే

2³² + 1 = 641 × 128⁴ − (640⁴ − 1)

640⁴ − 1ను విడదీస్తే (640² + 1)(640 + 1)(640 − 1) వస్తుంది. అంటే 409601 × 641 × 639. ఇందులోనూ 641 ఉంది! కాబట్టి 641ను బయటికి తీస్తే

2³² + 1 = 641 × (268435456 − 261735039) = 641 × 6700417

ఎనిమిదో తరగతి నుంచి మనం బట్టీపట్టే అ² − బ² = (అ + బ)(అ − బ) సూత్రమే ఇక్కడ పనిచేసింది. ఈ సూత్రం పరీక్షకు తప్ప ఎందుకూ పనికిరాదనుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ నిరూపణను ఒక్కసారి చేతితో రాసి చూడండి.

మరి 6700417 ఇంకా విడిపోతుందా? 1878లో ల్యూకా అనే ఫ్రెంచి గణితవేత్త ఆయిలర్ షరతును ఇంకా బిగించాడు. 64 బదులు 128 పెట్టవచ్చని చూపాడు. 6700417 వర్గమూలం సుమారు 2588. అంతవరకు 128తో భాగిస్తే శేషం 1 వచ్చే ప్రధాన సంఖ్యలు నాలుగే: 641, 769, 1153, 1409. 257లో నుంచి 1 తీసేస్తే 256, అదీ 128 గుణిజమే గదా అని అడగవచ్చు. దాని శేషం 2 అని పైన చూశాం కాబట్టి వదిలేశాం. ఈ నాలుగింటితో 6700417ను భాగిస్తే శేషాలు వరుసగా 44, 120, 334, 622 వస్తాయి. ఒక్కటీ సున్న కాదు. కాబట్టి 6700417 ప్రధాన సంఖ్యే. ఇక్కడితో విభజన పూర్తయింది.

రెండు వర్గాల మొత్తం, రెండు విధాలుగా

రామానుజన్ పేరుతో ప్రసిద్ధమైన 1729 రెండు ఘనాల మొత్తంగా రెండు విధాలుగా వస్తుందని మీకు తెలుసు. మన సంఖ్యకు కూడా అలాంటి గుణం ఉంది, ఇక్కడ ఘనాల బదులు వర్గాలు.

4294967297 = 65536² + 1²
4294967297 = 62264² + 20449²

ఒక బేసి సంఖ్యను ఇలా రెండు వేర్వేరు విధాలుగా రెండు వర్గాల మొత్తంగా రాయగలిగితే అది ప్రధాన సంఖ్య కానే కాదు. ఇదీ ఆయిలర్ చూపిన సంగతే. రెండో జత ఎక్కడి నుంచి వచ్చింది? 641 = 25² + 4². 6700417 = 2556² + 409². రెండు వర్గాల మొత్తాలను గుణిస్తే మళ్లీ రెండు వర్గాల మొత్తమే వస్తుంది. ఈ సూత్రానికి మన బ్రహ్మగుప్తుడి పేరు కూడా ముడిపడి ఉంది. ఆయన 628లో బ్రహ్మస్ఫుట సిద్ధాంతం రాశాడు.

25 × 2556 + 4 × 409 = 65536, 25 × 409 − 4 × 2556 = 1
25 × 2556 − 4 × 409 = 62264, 25 × 409 + 4 × 2556 = 20449

గుర్తు ఒక చోట కూడిక, ఒక చోట తీసివేత. అంతే తేడా.

ఇరుగుపొరుగు సంఖ్యలు

మన సంఖ్యకు పక్కనున్న రెండు సంఖ్యలూ సామాన్యమైనవి కావు.

చదరంగం బల్ల సగానికి వచ్చిన 4294967295ను విడదీస్తే 3 × 5 × 17 × 257 × 65537 వస్తుంది. ఫెర్మా వరుసలోని ఐదు ప్రధాన సంఖ్యలూ ఇందులో చేరాయి! (అ − 1)(అ + 1) = అ² − 1 అని వరుసగా వాడితే ఇది తెలుస్తుంది. 3 × 5 = 15, 15 × 17 = 255, 255 × 257 = 65535, 65535 × 65537 = 4294967295. దీన్ని బట్టి మన సంఖ్యను ఈ ఐదింటిలో దేనితో భాగించినా శేషం 2 వస్తుందని వెంటనే చెప్పవచ్చు.

ఈ సంఖ్య జ్యామితిలోకి కూడా వచ్చింది. 1796లో జర్మనీకి చెందిన గాస్, 19 ఏళ్లు కూడా నిండకముందే, స్కేలు, వృత్తలేఖినితో 17 భుజాల క్రమ బహుభుజిని నిర్మించవచ్చని కనుగొన్నాడు. గ్రీకుల కాలం నుంచి రెండు వేల ఏళ్లుగా ఎవరికీ తెలియని సంగతి అది. గాస్ పేద ఇంట్లో పుట్టాడు. బ్రున్స్‌విక్ ప్రభువు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో చదువుకున్నాడు. స్కాలర్‌షిప్ డబ్బుతో పుస్తకాలు కొనుక్కునే మనకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలనిపించింది. భుజాల సంఖ్య బేసిదైతే, అది వేర్వేరు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధం అయినప్పుడే అలాంటి నిర్మాణం సాధ్యమని 1837లో వాంట్జెల్ పూర్తిగా నిరూపించాడు. కాబట్టి ఇంతవరకు తెలిసినంతలో నిర్మించగల బేసి భుజాల క్రమ బహుభుజుల్లో అన్నిటికంటే పెద్దదానికి 4294967295 భుజాలు ఉంటాయి.

మధ్యనున్న 4294967296 మీ చేతిలోని సెల్‌ఫోనుకు, కంప్యూటరుకు బాగా తెలిసిన సంఖ్య. 0, 1 అనే అంకెలతో 32 స్థానాలు నింపితే సరిగ్గా ఇన్ని రకాలుగా నింపవచ్చు. ఇంటర్‌నెట్‌లో మొదట నిర్ణయించిన చిరునామాలు 32 స్థానాలవి. కాబట్టి వాటి సంఖ్య ఇంతే. కేంద్ర నిల్వలోని చిరునామాల కట్టలు 2011 ఫిబ్రవరిలో అయిపోయాయి. అందుకే 128 స్థానాల కొత్త చిరునామాలు కూడా వాడుతున్నారు. దీనిలో సగం చేసి 1 తీసేస్తే 2147483647. ఇది ప్రధాన సంఖ్య అని 1772లో చూపించింది కూడా ఆయిలరే. అప్పటికి ఆయనకు చూపు దాదాపుగా పోయింది. 1970 జనవరి 1 నుంచి సెకన్లను లెక్కబెట్టే పాత పద్ధతి కంప్యూటర్లలో ఆ లెక్క 2038 జనవరి 19న ఈ సంఖ్యను చేరుతుంది. ఆలోగా వాటిని సరిచేసుకోవాలి.

ఇంకో మాట. కారణాంకాలు కనుక్కోవడం కష్టం కావడం కూడా మనకు ఉపయోగమే. ఆన్‌లైన్‌లో డబ్బు పంపేటప్పుడు రహస్యాన్ని కాపాడే ఆర్.ఎస్.ఎ. పద్ధతికి బలం అదే. వందల అంకెల సంఖ్యను రెండు ప్రధాన సంఖ్యలుగా విడగొట్టడం ఎవరికీ సులభం కాదు. ఆ పద్ధతిలో తరచుగా వాడే ఒక సంఖ్య మన 65537.

ఫెర్మా మాట చివరికి ఏమైంది?

ఒక్క ఎదురు ఉదాహరణ చాలు, "అన్నీ" అన్న మాట పడిపోతుంది. ఆ తరవాతి సంఖ్య 2⁶⁴ + 1 కూడా విడిపోయింది. దాని కారణాంకాలు 274177, 67280421310721. 1880లో లాండ్రీ ఈ విభజనను ప్రకటించాడు. ఇప్పటివరకు 2³² + 1 మొదలుకొని వరుసగా 28 ఫెర్మా సంఖ్యలను పరిశీలిస్తే అన్నీ సంయుక్త సంఖ్యలే అని తేలింది. మొదటి ఐదు తప్ప మరో ఫెర్మా ప్రధాన సంఖ్య ఎవరికీ దొరకలేదు. ఇక లేదని కూడా ఎవరూ నిరూపించలేదు. ఆ తలుపు ఇంకా తెరిచే ఉంది.

దీనివల్ల ఫెర్మా చిన్నవాడైపోలేదు. ఆయన సిద్ధాంతం లేకపోతే 641ను అంత త్వరగా పట్టుకోవడం కుదిరేది కాదు. గొప్పవాళ్ల మాటను గౌరవించాలి, లెక్క మాత్రం మనమే చేసుకోవాలి. ఐదుసార్లు నిజమైనది ఆరోసారీ నిజమవుతుందని గ్యారంటీ లేదు. అలాగే, లెక్కలు మనకు రావని పదిమంది అన్నా అది సిద్ధాంతం అయిపోదు. దానికి ఎదురు ఉదాహరణ ఒక్కటి చాలు. ఆ ఉదాహరణ మన హాస్టల్ స్టడీ అవర్‌లో కూర్చున్న మీలో ఎవరైనా కావచ్చు. పై నిరూపణ అర్థమైతే మీరు ఇప్పటికే అందులో సగం దూరం వచ్చినట్టే.

మీ కోసం నాలుగు లెక్కలు

1. 2¹² + 1ను గుణకారం చేయకుండా ఏ ప్రధాన సంఖ్య భాగిస్తుందో చెప్పండి.
2. 65ను రెండు వర్గాల మొత్తంగా రెండు విధాలుగా రాయండి.
3. 4294967297ను 255తో భాగిస్తే శేషం ఎంత? భాగహారం చేయకూడదు.
4. 15 భుజాల క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖినితో గీయవచ్చా? కారణం చెప్పండి.

జవాబులను కాగితం మీద రాసి హాస్టల్ నోటీసు బోర్డుకు అంటించండి. ఎవరి పేరు ముందుంటుందో చూద్దాం. పూర్వ విద్యార్థులు ఇంట్లో తమ పిల్లల చేత చేయించవచ్చు, లేదా తామే మళ్లీ ఒకసారి పెన్ను పట్టవచ్చు.